ఆమ్లజని

కొన్ని మాటలు తాము పుట్టిననాటి నమ్మకమును కడుపులో దాచుకొని నేటికిని తిరుగుచుండును. ఆమ్లజని యట్టి మాట. ఆమ్లమనగా పులుపు; జని యనగా పుట్టించునది. గ్రీకు మాటలను జేర్చి ఫ్రెంచి పండితుడు లవోయిజే కూర్చిన ఆక్సిజన్ అను పేరునకు నిదియే యర్థము.

గంధకమును, భాస్వరమును మండించినపుడు గాలిలోని యొక భాగము వానితో గలియుననియు, అట్లు గలిసినవి నీటితో జేరి ఆమ్లములగుననియు లవోయిజే కనుగొనెను. అందుచే ఆమ్లములన్నిటికిని ఈ వాయువే మూలమని తలచెను. 1787లో ఆయనయు సహచరులును ప్రకటించిన రసాయన నామావళితో ఆ పేరు స్థిరపడెను.

మన వంటయింటిని జూచిన నది నిజమే యనిపించును. చింతపండు, నిమ్మకాయ, పెరుగు, వీని పులుపులన్నిటను ఆమ్లజని యున్నది. కాని తిన్న యన్నమును అరిగించుటకు మన కడుపులో నూరెడి హైడ్రోక్లోరికామ్లమున నున్నవి ఉదజని, క్లోరిన్ మాత్రమే. ఆమ్లజని లేశమైనను లేదు. 1810లో ఇంగ్లండున హంఫ్రీ డేవీ యీ సంగతి చాటెను. ఇట్టి పులుపునకు మూలము ఉదజని యని తరువాత దేలినది. పేరు మాత్రము మారలేదు.

ఈ కథలో మనము మరువరాని యిల్లాలొకతె గలదు. మరీయాన్ తన 13వ యేట, 1771లో, లవోయిజేను వివాహమాడెను. ఇంగ్లీషు నేర్చి, కిర్వన్ పండితుని గ్రంథమును 1788లో ఫ్రెంచిలోనికి దెచ్చెను. 1789లో వెలువడిన భర్త గ్రంథమునకు పరికరముల చిత్రపటములు 13 స్వయముగా వ్రాసెను. 1794 మే 8న ఆమె తండ్రియు, భర్తయు ఒక్కనాడే గిలెటిను పాలైరి. ఆ దుఃఖములోనుండి లేచి, భర్త వ్రాతలను ఆమెయే అచ్చు వేయించెను.

2021 వేసవిలో కరోనా సోకి మా అక్కగారికి ఊపిరాడక పోయినపుడు, మా యింటిల్లిపాది నోటను ఆక్సిజనను మాట దప్ప వేరొకటి లేదు. సిలిండరు దొరికిన రాత్రి ఆమె శ్వాస మెల్లగా కుదుటపడుట నేను ప్రక్కన గూర్చుండి చూచితిని. ఆ వాయువును పులుపు పుట్టించునదని పిలుచుటకు నాకు మనసొప్పలేదు. మనవారు వాడుకొను ప్రాణవాయువను పేరే ఆ రాత్రికి దగినది. లవోయిజే కూడ మొదట దానిని శ్వాసకు మిక్కిలి యోగ్యమైన గాలి యనియే పిలిచియుండెను!

పేరు మార్చవలెనని నేననను. లోకమంతయు వాడెడి మాట యది. కాని మన పిల్లలు ఆమ్లజని యని వల్లించునపుడు, ఆ తలపు ఎట్లు పొరపాటయ్యెనో, దానినెవరు దిద్దిరో, ఆ పరికరముల బొమ్మలు వ్రాసిన చేయి యెవరిదో వారికి చెప్పుదము. అప్పుడది వట్టి పేరుగా నుండక, చదువుగా నిలుచును.