పుంగనూరు దూడ రీల్‌లో బాగుంది.. మరి ఫ్లాట్‌లో?

మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటుంది. సోఫా చుట్టూ గెంతే బుజ్జి పుంగనూరు దూడ, మెడలో గంట, వెనకాల ట్రెండింగ్ పాట. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన వీడియోలు చూశాక చాలామందికి ఈ ఆవుల మీద ఇంకా మోజు పెరిగింది. పెద్దయ్యాక కూడా మీటరు ఎత్తు దాటని ఆవు. ముద్దుగా ఉండక ఏం చేస్తుంది?

మాది మదనపల్లె. అమ్మమ్మది పుంగనూరు పక్కన పల్లె. ఇంజినీరింగ్ చదివింది కుప్పంలో, ఇప్పుడు కోడ్ రాసేది బెంగళూరులో. అందుకే మా అక్క వాళ్ల ఫ్లాట్‌లోకి దూడ కావాలనిపించగానే బావ ఫోన్ నాకే వచ్చింది. “మీ మామ దగ్గర ఆర్నెల్ల పెయ్య ఉందంట కదా, మాట్లాడి పెట్టు. పాప ఒకటే గోల.”

మామకి ఫోన్ చేశాను. “ఒక్కదాన్నే ఇయ్యలేనబ్బా. జత లేకుంటే బెంగ పడతాది. రెండుండినా, ఎగరడానికి జాగా ఉందా ఆడ? మీరంతా ఆఫీసుకు పోతే పగలంతా దాని కాడ ఎవురుంటారు?” అన్నాడు.

బావకి ఆ మాట చాల్లేదు. “బెంగ గింగ కాదు, సైన్స్ ఏమంటుందో చెప్పు” అన్నాడు. సరే, వెతికాను.

ఆటలు ఉన్న బోను, లేని బోను

1960ల్లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో మార్క్ రోజెన్‌జ్వైగ్ బృందం అప్పుడే పాలు మానిన ఎలుకపిల్లల్ని, అంటే దాదాపు 25 రోజుల వయసువాటిని, రెండు రకాలుగా పెంచింది. కొన్నింటికి పెద్ద బోను, తోటి ఎలుకలు, నిచ్చెనలు, చక్రాలు, తరచూ మార్చే ఆటవస్తువులు. కొన్నింటికి ఒంటరి బోను. తిండి, నీళ్లు అన్నింటికీ ఒకటే. 80 రోజుల తర్వాత చూస్తే, ఆడుతూ పెరిగిన వాటి మెదడు పైపొర ఎక్కువ బరువు తూగింది. తర్వాత జరిగిన ఎన్నో ప్రయోగాల్లో ఇలా పెరిగినవి కొత్త చోటుకి తొందరగా అలవాటుపడటం కూడా కనిపించింది.

ఒత్తిడి సంగతి తేల్చినవాళ్లలో మన బెంగళూరువాళ్లే ఉన్నారు. ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకల్ని రోజుకి 2 గంటలు కదలకుండా బంధించింది, అలా 10 రోజులు. జ్ఞాపకాల పని చూసే హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని నడిపే అమిగ్డాలాలో మాత్రం పెరిగాయి. తర్వాత 21 రోజులు ప్రశాంతంగా వదిలేస్తే హిప్పోకాంపస్ కోలుకుంది. అమిగ్డాలా అలాగే ఉండిపోయింది, బెదురూ తగ్గలేదు. ఇది 2004లో వచ్చిన ఫలితం.

అవి ఎదిగిన ఎలుకలు. ఎదిగే వయసులో మెదడు ఇంకా అల్లుకుంటూనే ఉంటుంది. భయానికి బ్రేక్ వేసే ముందుభాగం అన్నింటికన్నా ఆలస్యంగా తయారవుతుంది. అందుకే ఆ వయసులో ఒత్తిడైనా, మంచి పరిసరాలైనా ముద్ర గట్టిగా పడుతుంది.

మరి దూడల మాటేంటి?

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీవాళ్లు 2014లో దూడల మీదే ఓ అధ్యయనం ప్రచురించారు. కొన్ని దూడల్ని ఒంటరిగా, కొన్నింటిని జతగా పెంచి, ఏ రంగు తెర దగ్గరికి వెళ్తే పాలు దొరుకుతాయో నేర్పారు. అన్నీ నేర్చుకున్నాయి. తర్వాత రంగులు తారుమారు చేశారు. మా భాషలో చెప్పాలంటే, మధ్యలో రిక్వైర్‌మెంట్ మార్చారు. జతగా పెరిగినవి సర్దుకున్నాయి. ఒంటరివి తడబడ్డాయి. కొత్త వస్తువుని ఎన్నిసార్లు చూపించినా ఒంటరి దూడలకి అది పాతబడలేదు.

మామ చెప్పిన బెంగకి ఇంతకంటే దగ్గరి రుజువు నాకు దొరకలేదు.

కుప్పం ఏనుగులు

కాలేజీ రోజుల్లో రాత్రిపూట దూరంగా టపాసులు పేలితే పెళ్లి అనుకునేవాళ్లు కాదు, “ఏనుగులొచ్చాయి” అనేవాళ్లు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడి కౌండిన్య అడవిలో స్థిరపడ్డాయి. పంట కాపాడుకోవాలంటే రైతు తరమక తప్పదు. కానీ ఆ చప్పుళ్ల మధ్యే గున్నలూ పెరుగుతున్నాయి.

కుర్ర ఏనుగులకి తోడు లేకపోతే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చూసింది. క్రూగర్ పార్కులో పెద్దవాటిని చంపేసి, అనాథ గున్నల్ని పిలానెస్‌బర్గ్‌కి తరలించారు. అవి కుర్రవయసుకొచ్చాక, 1990ల్లో 40కి పైగా ఖడ్గమృగాల్ని చంపేశాయి. 1998లో ఆరు పెద్ద మగ ఏనుగుల్ని అక్కడికి తెచ్చారు. కుర్రవాటి మదం తగ్గింది, దాడులు ఆగాయి. వాటికి కావాల్సింది మత్తు తూటాలు కాదు, పెద్దదిక్కు.

ఎలుకైనా, దూడైనా, ఏనుగైనా ఎదిగే వయసులో కోరేవి దాదాపు ఇవే: తోడు, ఆడుకునే చోటు, పారిపోగలిగేంత జాగా. సాయంత్రం ఓ గంట ముద్దు చేయడం వీటికి బదులు కాదు. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారుతుంటే దూడ చేసే గంతు ఆటో భయమో 15 సెకన్ల వీడియోలో తెలియదు. ఆ జాతి మీద నిజంగా ప్రేమ ఉంటే, పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో వాటిని ఎలా పెంచుతున్నారో ఓసారి తెలుసుకోండి. తోటా, కొట్టమూ, మనిషీ ఉన్నవాళ్లు రెండింటిని తెచ్చుకోండి.

ఇదంతా బావకి వాట్సాప్‌లో పెట్టి, చివర్లో మామ అడిగిన మూడు ప్రశ్నలూ రాశాను: జత ఉందా? జాగా ఉందా? పగలు ఎవరుంటారు? ఆయన ఈలోపే వేరే ఊళ్లో బ్రోకర్ నంబర్ సంపాదించాడని అక్క చెప్పింది. రెండు రోజులైంది. బ్లూ టిక్స్ పడ్డాయి, రిప్లై మాత్రం రాలేదు. మామ పెయ్యని ఎవరికీ మాటివ్వలేదు.