మిగిలిన సగం

"నువ్వు సాయిబులా ఉండవోయ్. అచ్చం మాలాగే ఉంటావు."

స్టాఫ్ రూములో తోటి లెక్చరరు మెచ్చుకోలుగానే అన్నాడు. నేను నవ్వాను. ఆయన మాట ఎప్పుడో మర్చిపోయాను. నా నవ్వే ఇప్పటికీ గుచ్చుతోంది.

మా ఊరి దర్గా కిటికీకి ఆరు మూలల గళ్ళ జాలీ ఉండేది. పక్కింటి పిన్ని చుక్కల ముగ్గులోనూ అవే ఆరు మూలలు. ఆ ఆకారాన్ని 6 రకాలుగా తిప్పొచ్చు, 6 అద్దాల్లో చూపొచ్చు. ఎలా చేసినా అది అలాగే ఉంటుంది. ఈ 12నూ కలిపి పరావర్తన సమూహమంటారు. జాలీకీ ముగ్గుకీ అదొక్కటే.

ఈ చిన్న సమూహం వెనక జి2 అనే పెద్ద సమూహం ఉంది. దాని యూనిపొటెంట్ క్యారెక్టర్లు 10. అందులో 6 మాత్రమే ఈ అద్దాల సమూహం నుంచి వస్తాయి. తక్కిన 4 కస్పిడల్. అవి ఏ చిన్న సమూహం నుంచీ కట్టుకురావు.

రుమేనియాలో పుట్టిన జార్జ్ లుస్టిగ్ 1984 నాటి పుస్తకంలో వీటిని కుటుంబాలుగా విడదీశాడు. పెద్ద కుటుంబంలో 8 మంది: అద్దాల నుంచి వచ్చిన నలుగురు, కస్పిడల్ నలుగురు. వాళ్ళకొక ఫూరియే పట్టిక ఉంది. ఉన్నదాన్నే వేరే జాబితాలో రాసిపెడుతుంది. రెండుసార్లు వాడితే మొదటికే వస్తాం.

ఒక రాత్రి అద్దాల్లోంచి వచ్చిన నలుగురితోనే లెక్క వేసి చూశాను. పట్టిక మొదటి వరుసలో వాళ్ళ పాళ్ళు 1/6, 1/3, 1/2, 1/3. వర్గాలు కూడితే 1 రావాలి. సగమే వచ్చింది. కస్పిడల్ వాళ్ళవి 1/6, 1/2, 1/3, 1/3. వాటి వర్గాలు కూడినా సగమే. ఎనిమిదీ ఉంటేనే 1.

కలం పక్కన పెట్టేశాను. స్టాఫ్ రూము గుర్తొచ్చింది.

ఆయన తనకు తెలిసిన నలుగురినే లెక్కపెట్టాడు. అమ్మీ ఉర్దూ, అబ్బా టోపీ, మా ఇంటి రంజాను తెల్లవారుజాములు ఆ లెక్కలో లేవు. అటు మా చుట్టాలూ అంతే: "తెలుగులో రాస్తావు, నువ్వేం ముసల్మానువిరా?" వాళ్ళదీ సగమే.

లెక్కలు మనుషులకు తీర్పు చెప్పవు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ సగాన్ని మొత్తమన్నప్పుడు ఊరుకోకూడదని ఆ పట్టికే నాకు నేర్పింది.

ఇప్పుడెవరైనా అలా మెచ్చుకుంటే నవ్వను. "సాయిబునే సార్. తెలుగువాణ్ణే. రెండూ కలిపి లెక్కవేసుకోండి" అంటాను.