ఆకాశం చేసిన అల్లరి

నా ఎనిమిదో ఏట, చెయ్యని తప్పుకి వీపు మీద ఒక దెబ్బ తిన్నాను. అసలు దోషి ఎవరో తేలడానికి ముప్ఫై ఏళ్ళు పైనే పట్టింది.

అప్పట్లో మా ఇంట్లో పాత మర్ఫీ రేడియో ఉండేది. వంటయ్యాక అమ్మ బియ్యంలో రాళ్ళేరుకుంటూ షార్ట్‌వేవ్‌లో సిలోన్ పాటలు వినేది. శ్రీలంక అని పేరు మారి చాలా ఏళ్ళయినా మా ఇంట్లో అది సిలోనే! ఓ రోజు సరిగ్గా చరణం అందుకునేవేళ పాట ఎటో కొట్టుకుపోయి, బుస్సుమని చప్పుడు. "మళ్ళీ ముల్లు కదిపావుటే?" అని ఒక్కటి అంటించింది. ముట్టుకోలేదే అంటే వినేదెవరు?

మొన్న నవలలో రేడియో సన్నివేశం రాయాల్సొచ్చి, బి.ఏ. చదివిన బుర్రతోనే సైన్సు పుస్తకం తిరగేశాను. దొరికాడు దొంగ! సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని వందల కిలోమీటర్ల పైదాకా అయనోస్ఫియర్ అని ఒకటుందిట. ఎండ తాకిడికి అక్కడి గాలిలోంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. షార్ట్‌వేవ్ తరంగాలు దానికి తగిలి, వంగి మళ్ళీ నేలకి దిగుతాయి. సిలోన్ పాట సముద్రం దాటి మా వంటింటికి వచ్చిందీ ఆ దారినే. ఆ పొర నిలకడగా ఉండదు. సూర్యుడు భగ్గుమన్నాడా, పగటిపూట దాని కింది భాగం చిక్కబడి పాటని మింగేస్తుంది. ఆ రోజు జరిగిందీ అదే కాబోలు!

ఈ పొర ఉందని ఇంగ్లండులో ఆపిల్టన్ 1924లో రుజువు చేశాడు. కానీ నేల మీంచి పంపిన తరంగాలు బాగా చిక్కనైన చోటు దాకా వెళ్ళి తిరిగొచ్చేసేవి. ఆ పైన ఏముందో అంతుబట్టేది కాదు. 1962 సెప్టెంబరు 29న కెనడా వాళ్ళ అలూయెట్-1 ఉపగ్రహం వెయ్యి కిలోమీటర్ల ఎత్తుకెక్కి, అక్కణ్ణించి కిందికి తరంగాలు పంపి పై వైపుని పరీక్షించింది. పదేళ్ళు పనిచేసిందిట పాపం.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పి, "ఇప్పుడేమంటావు?" అన్నాను విజయగర్వంతో.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నువ్వు ముట్టుకోలేదని నాకప్పుడే తెలుసే. రోజు మొత్తమ్మీద నాదంటూ ఉన్నది ఆ అరగంటే. అదీ పోతే ఎవర్నడగను? నువ్వు దగ్గర్లో ఉన్నావు" అంది.

నా గొంతు పెగల్లేదు. అమ్మని కింది నుంచి చూడ్డమే గానీ, ఆ పై వైపు నేనెన్నడూ చూడనేలేదు.

ఆదివారం వెళ్ళి, ఫోన్లో ఆ పాత పాటలే పెట్టాను. కళ్ళు మూసుకుని విని, "బాగానే ఉందిగానీ, మధ్యలో ఆ బుస్సుమనే చప్పుడు లేకపోతే సిలోన్లా లేదే!" అంది.