నాన్న డైరీకి కొలువొచ్చింది!

పొద్దున ఏడుంపావుకల్లా ఆయన బూట్లు తొడుక్కుని సిద్ధం. చేతిలో టిఫిన్ క్యారియర్. పటాన్‌చెరులోని ఆ అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఎప్పట్లాగే లేచి నిలబడతాడు. 'డ్యూటీకా సార్?' అంటాడు. ఆయన తలూపుతారు. గేటు దాటి, మలుపు తిరిగి, కంపెనీ బస్సు ఆగే చోటుని కూడా దాటేసి నడుస్తూ వెళ్లిపోతారు. ఆ బస్సులో ఇప్పుడాయనకి సీటు లేదు మరి!

22 ఏళ్లు పనిచేసిన మందుల ఫ్యాక్టరీ 2025 మార్చిలో ఒక బ్లాకుని మూసేసింది. మెయింటెనెన్సు విభాగంలో పదకొండు మందిని ఇంటికి పంపించింది. వారిలో ఆయన ఒకరు. వయసు 47. ఇంటి అప్పు మీద ఇంకా తొమ్మిదేళ్ల వాయిదాలున్నాయి. కూతురు డిగ్రీ రెండో ఏడు చివర్లో ఉంది, కొడుకు ఇంటర్.

భార్యకి తెలుసు. క్యారియర్ సర్దేది ఆవిడే కదా. పిల్లలకీ, చుట్టాలకీ, ముఖ్యంగా పక్క ఫ్లాటువాళ్లకీ తెలియకూడదన్నది ఆయన పట్టుదల. రోజంతా లైబ్రరీలో కూర్చోవడం, పేపర్లలో ప్రకటనలు చూడటం, మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తినడం, సాయంత్రం డ్యూటీ దిగే వేళకి ఇంటికి రావడం. మూడు వారాలు బాగానే గడిచింది. ఓ రోజు జిరాక్స్ కోసం అటుగా వెళ్లిన కూతురు కిటికీలోంచి చూసింది. అక్కడేమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. 'నాన్నా, నీ రెజ్యూమె ఏది?' అంది.

ఆయన ఓ నిమిషం మాట్లాడలేదు. తర్వాత లేచి బీరువాలోంచి ఓ ప్లాస్టిక్ కవరు తీసిచ్చారు. అందులో 2003లో గుంటూరు డీటీపీ సెంటర్లో కొట్టించిన బయోడేటా ఉంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, మాతృభాష, వివాహితుడా కాదా, ఇంటి చిరునామా... చివర్లో పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం. హాబీలు: పుస్తక పఠనం, క్రికెట్. ఇన్ని ఉన్నాయి కానీ, ఈ మనిషికి ఏ పని వచ్చో చెప్పేది మాత్రం ఒకటిన్నర లైనే!

ఆ ముక్క ఆయనొక్కడి తప్పేం కాదు. ఆ తరంలో కాగితం చూసి ఉద్యోగం ఇచ్చిందెవరు? ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ కార్డుని మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం, పేపర్లో వాకిన్ ప్రకటన చూసి పరిగెత్తడం, తెలిసినాయన ఎవరైనా మేనేజరుతో ఒక మాట చెప్పడం... అంతే. ఉద్యోగాలను ఇంటర్నెట్‌లోకి తెచ్చిన నౌకరీ.కామ్ 1997లోనే వచ్చింది. ఆయన ఫ్యాక్టరీలో చేరిన 2003లోనే అమెరికాలో లింక్డ్‌ఇన్ మొదలైంది. అయితేనేం, 22 ఏళ్లపాటు వీళ్లిద్దరూ ఒకరికొకరు తెలియకుండానే బతికేశారు.

ముందుగా ఆ అమ్మాయి నాన్న పేరుని గూగుల్‌లో కొట్టి చూసింది. అదే పేరుతో ఓ డాక్టరుగారు, ఓ సర్పంచి, ఆ తర్వాత... నాన్న ఫేస్‌బుక్! పెళ్లిరోజు ఫొటోల మధ్య, ఎన్నికలప్పుడు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో నలభై కామెంట్ల దాకా సాగిన వాదన ఒకటి బయటపడింది. అందులో ఆయన వాడిన మాటలు కూతురు పైకి చదువుతుంటే, 'చాల్లేమ్మా, తీసెయ్' అని వంటింట్లోకి వెళ్లిపోయారు. మంచినీళ్ల కోసమట!

నవ్వుకునే విషయమే. కానీ ఉద్యోగానికి పిలిచే ముందు అభ్యర్థి పేరు వెతికి చూడటం ఇప్పుడు హెచ్ఆర్ వాళ్లకి మామూలైంది. వాళ్లదాకా ఎందుకు, 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వీసాల దరఖాస్తుదారులు కూడా తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ నిబంధన పెట్టింది. ఆ నెలలో ఆయన మేనల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేసి, 'మావయ్యా, నన్ను ట్యాగ్ చేసిన పోస్టులేవైనా ఉంటే తీసెయ్' అని బతిమాలుకున్నాడు. మనం ఎప్పుడో సరదాకి విసిరిన మాట మనకన్నా ముందే ఇంటర్వ్యూకి వెళ్లి కూర్చుంటోంది.

ఫేస్‌బుక్ శుభ్రం అయ్యాక లింక్డ్‌ఇన్‌లో ఖాతా తెరిచారు. ఫొటో పెట్టారు. అక్కడొచ్చింది పేచీ. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు తమ ఫొటో చుట్టూ ఓ పచ్చ వలయం పెట్టుకోవచ్చు. 2020లో, కరోనాకి కోట్లమంది పనులు పోగొట్టుకుంటున్న రోజుల్లో లింక్డ్‌ఇన్ తెచ్చిన ఏర్పాటిది. 'ఇది పెట్టుకుంటే అందరికీ తెలుస్తుంది నాన్నా' అంది కూతురు సంబరంగా. 'అదే వద్దనేది' అన్నారాయన. ఊరంతటికీ దండోరా వేయించుకోవడమే కదా! తోడల్లుడు చూస్తాడు. పాత మేనేజరు చూస్తాడు. రేపు పిల్లకి సంబంధాలు చూడాలి. ఆ వలయం లేకుండా ఉద్యోగాలిచ్చే రిక్రూటర్లకు మాత్రమే కనిపించే పద్ధతీ ఒకటుంది. చివరికి దానికి ఒప్పుకున్నారు.

మీట నొక్కితే దరఖాస్తు వెళ్లిపోతుంది. నొక్కారు. రోజుకి నాలుగు, ఐదు. రెండు నెలల్లో నూటముప్ఫై దాటాయి. జవాబులు వచ్చినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని యంత్రం పంపినవే. మీట నొక్కడం ఆయనకెంత తేలికో మిగిలిన వందలమందికీ అంతే తేలిక కదా. ఈలోగా బావమరిది, 'చూద్దాంలే బావా, మనవాళ్లున్నారు' అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి ఫోనెత్తలేదు.

ఫోన్లు మాత్రం వేరే చోట్ల నుంచి రావడం మొదలైంది. తొందరలో ఆయన ఆ పాత బయోడేటానే, చిరునామా పుట్టినతేదీలతో సహా, కనిపించిన వెబ్‌సైట్లన్నిటిలో పెట్టేశారు మరి. 'సింగపూర్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్, నెలకి లక్షన్నర, రిజిస్ట్రేషన్ రూ.8,500' అంటూ ఓ వాట్సప్ మెసేజ్. కంపెనీ ముద్రతో ఆఫర్ లెటర్ కూడా! ఆ రాత్రి ఆవిడ పోపులడబ్బాలోంచి డబ్బు తీసి లెక్కపెట్టింది. ఎన్నాళ్ల తర్వాతో ఆయన మొహంలో నవ్వు చూసింది కాబట్టి ఆవిడని తప్పుపట్టలేం.

కూతురే అడ్డుపడింది. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు ఎవరైనా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద కేంద్ర విదేశాంగ శాఖ దగ్గర నమోదై ఉండాలి. ఆ జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఉద్యోగార్థి దగ్గర వాళ్లు తీసుకోదగ్గ రుసుము గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. వెతికితే సదరు ఏజెంటు పేరు ఆ జాబితాలో లేనేలేదు. కంబోడియాలో డేటా ఎంట్రీ పని అని చెప్పి మన కుర్రాళ్లను తీసుకెళ్లి, అక్కడ వాళ్లచేత సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టుని 2024 మేలో విశాఖ పోలీసులు రట్టు చేశారు. ఆ వార్త చూపించాక ఆయన ఆ నంబరుని తనే 1930కి ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ డబ్బు మళ్లీ పోపులడబ్బాలో పెట్టేసింది.

ఇక కొత్త రెజ్యూమె. 'చేసిన పనంతా చెప్పు నాన్నా' అంటే ఏం చెప్పాలో ఆయనకి పాలుపోలేదు. 'మిషన్లు ఆగితే నడిపించాను. అంతేగా' అన్నారు. ఆ రెండు మాటల్నీ కూతురు ఏఐకి ఇచ్చింది. క్షణంలో పేజీ నిండా ఇంగ్లిషు వచ్చిపడింది. సారథ్య పటిమ గలవాడు, ఫలితాలే ఊపిరిగా శ్రమించువాడు... విని ఆయన, 'ఎవరమ్మా ఇతను? నాకు తెలిసినవాడు కాదే!' అన్నారు.

అప్పుడే ఆవిడ వంటింట్లోంచి ఓ మాటంది. 'అటక మీద ఆ డైరీలున్నాయిగా, వాటిని చూడరాదూ?'

మొత్తం పంతొమ్మిది డైరీలు. కొత్త సంవత్సరానికి డీలర్లు ఇచ్చినవి. ఏ రాత్రి ఏ మిషన్ ఆగింది, ముందు ఏమనుకున్నారు, నిజానికి ఏమైంది, ఎలా బాగుచేశారు... అన్నీ తెలుగులో, పెన్సిల్ బొమ్మలతో ఉన్నాయి. ఆవిరి గొట్టాల్లో నీటిని మాత్రం బయటికి వదిలి ఆవిరిని ఆపే స్టీమ్ ట్రాప్ సరిగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలున్నాయి. అది లేని రాత్రి ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ కొనని ట్రాప్‌కి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకునేవారు. ఆగి ఆగి టిక్కుటిక్కుమంటే బాగున్నట్టు. ఆగకుండా బుస్సుమంటే ఆవిరి వృథాగా పోతున్నట్టు. చప్పుడే లేకపోతే మూసుకుపోయినట్టు, ఇక లైన్లో నీళ్లు చేరి గొట్టాలు దడదడా కొట్టుకుంటాయి. ఇది చదివిన అమ్మాయి కామర్స్ విద్యార్థిని. అయినా మొత్తం అర్థమైంది!

డైరీ పేజీలను ఫొటోలు తీసి పెట్టేద్దామంది. ఆయన ససేమిరా అన్నారు. ఫ్యాక్టరీ పేరు, మందు పేరు, మిషన్ నంబరు, తోటివాళ్ల పేర్లు... ఈ నాలుగూ ఎక్కడా ఉండకూడదు. 'ఉద్యోగంలోంచి తీసేశారు నిజమే. వాళ్ల గుట్టు బయటపెట్టమని చెప్పలేదుగా' అన్నారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లోనూ ఆ షరతు ఉంది. అందుకని పన్నెండు సంఘటనలు ఎంచుకుని, రాత్రిళ్లు ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి తేలిక ఇంగ్లిషులో రాసింది. బొమ్మలు ఆయనే మళ్లీ గీశారు. గూగుల్ సైట్స్‌లో పైసా ఖర్చు లేకుండా నాలుగు పేజీల వెబ్‌సైట్ తయారైంది. చిరునామా లేదు, పుట్టిన తేదీ లేదు, ఫోన్ నంబరు కూడా లేదు. విడిగా తెరిచిన ఓ ఈమెయిల్ మాత్రం ఉంది. హాబీలు తీసేశారు. క్రికెట్ ఉంచుదామని ఆయన కాస్త గునిశారు!

పన్నెండింటిలో ఒకటి మాత్రం పెట్టాలా వద్దా అని మూడు రోజులు నలిగింది. 2014లో ఓ అర్ధరాత్రి పంపులో సీల్ లీకైతే కొత్తది వేశారు. మోటారు షాఫ్టూ పంపు షాఫ్టూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో డయల్ గేజ్ పెట్టి చూడాలి. చూడలేదు. నాలుగు గంటల్లో కొత్త సీలూ పోయింది. 'తప్పు నాది' అని డైరీలో ఉంది. ఉద్యోగం అడుక్కునేచోట ఎవరైనా తన తప్పు రాసుకుంటారా? పెట్టేయమని చివరికి ఆయనే అన్నారు. పెట్టాక కాసేపు తెరనే చూస్తూ కూర్చుని, 'ఆ పచ్చదేదో కూడా పెట్టెయ్యమ్మా' అన్నారు. ఇంతకన్నా దాచుకునేది ఇంకేముందనుకున్నారో ఏమో!

మర్నాడు పొద్దున చేతిలో క్యారియర్ లేదు. 'సెలవా సార్?' అన్నాడు వాచ్‌మన్. 'ఉద్యోగం పోయింది. వెతుక్కుంటున్నా' అన్నారు. వాచ్‌మన్ ఆశ్చర్యపోలేదు సరికదా, 'సదాశివపేటలో మా తమ్ముడు పనిజేసే కంపెనీల అడగమంటరా సార్' అన్నాడు. అపార్టుమెంటులో ఎవరూ ఏమీ అనలేదు.

వెబ్‌సైట్ పెట్టగానే కొలువులు వచ్చి వాలతాయనుకుంటే పొరపాటే. రెండు నెలల్లో చూసినవాళ్లు వందమంది లేరు. అందులో సగం ఆ అమ్మాయి స్నేహితులే. కానీ స్టీమ్ ట్రాప్ ముచ్చటని లింక్డ్‌ఇన్‌లో పెట్టినప్పుడు, చిల్లర్ల సర్వీసుకని ఏడాదికి రెండుసార్లు పాత ఫ్యాక్టరీకి వచ్చిపోయే ఇంజినీరు ఒకాయన చూశాడు. ఇద్దరూ కలిసి టీ తాగిన సందర్భాలు పది ఉంటాయేమో. 'సార్, స్క్రూడ్రైవర్ చెవిలో పెట్టుకునేది మీరే కదా' అని మెసేజ్ పెట్టాడు. ఆయనిప్పుడు మరో కంపెనీలో ఉన్నాడు. అక్కడికి తెలిసిన జడ్చర్ల దగ్గరి ఫ్యాక్టరీలో మనిషి కావాలట.

బావమరిది చేయలేని పని పది టీల పరిచయం చేసింది! ఇందులో విడ్డూరం లేదంటాడు సామాజికవేత్త మార్క్ గ్రానొవెటర్. అమెరికాలో బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో ఉద్యోగాలు మారినవాళ్లని ఆయన అడిగి చూసి, 1973లో ఓ వ్యాసం రాశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసినవాళ్లని తరచూ కలిసేవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, ఎప్పుడో ఒకసారి కలిసేవారు 27.8 శాతం. మనింటి మనుషులకు తెలిసిన కబుర్లు మనకూ తెలిసినవే. కొత్త కబురు రావాలంటే వేరే గుంపులో తిరిగే మనిషి కావాలి. 2022లో లింక్డ్‌ఇన్‌లోని 2 కోట్ల మంది మీద చేసిన పరిశోధన కూడా ఇంచుమించు ఇదే తేల్చింది. మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ముఖపరిచయం మాత్రమే ఉన్నవాళ్లూ కాదు, మధ్యస్థంగా తెలిసినవాళ్లే ఉద్యోగాలకు ఎక్కువ పనికొచ్చారట.

ఇంటర్వ్యూలో ప్లాంటు హెడ్ సర్టిఫికెట్లు పక్కన పెట్టి, ఆ పన్నెండింటిలో సీల్ సంగతే ఎత్తాడు. 'ఆ రాత్రి అలైన్‌మెంట్ ఎందుకు చూడలేదు?'

'తొందర సార్.'

'మళ్లీ ఎప్పుడైనా అలా చేశారా?'

'ఇంకోసారి చేశాను. అది డైరీలో రాయలేదు.'

ఆయన పెద్దగా నవ్వాడట. జీతం పాతదానికన్నా ఏడు వేలు తక్కువ. వారమంతా జడ్చర్లలో గది తీసుకుని ఉండాలి, శనివారం రాత్రికి ఇల్లు. వాయిదాలకు సరిపోతుంది. కొడుకు ఫీజుకి మాత్రం ఆవిడ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. పచ్చ వలయం తీసేశారు. వెబ్‌సైట్ ఉంచారు. ఇరవయ్యో డైరీ నడుస్తోంది.

పోయిన ఆదివారం పొద్దున ఆయన వాచ్‌మన్ గది ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా వాచ్‌మన్ తమ్ముడి కొడుకు. ఐటీఐ ఫిట్టర్, రెండేళ్లుగా ఖాళీ. కుర్రాడు బయోడేటా చేతికిచ్చాడు. పైన ఫొటో, కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మేడ మీదికి కేకేశారు.

'అమ్మడూ, ఆ లాప్‌టాప్ ఓసారి కిందకి తీసుకురా... చెప్పు బాబూ, ఇప్పటిదాకా నువ్వు విప్పి బిగించిన మిషన్లేంటో చెప్పు.'