సంగటికి పండ్లెందుకు సామీ?

గంగవరంలో పండ్లు పోయినవాళ్ళు డాక్టరు దగ్గరికి తీరిగ్గా వస్తారు. అందులో సంగటి పాపం కొంత ఉంది. రాగిసంగటిని ఇక్కడ ఎవరూ నమలరు, పులుసులో అద్ది గుటుక్కున మింగుతారు. "సంగటికి పండ్లెందుకు సామీ?" అని అడగని ముసలాయన నా క్లినిక్‌కు రాలేదు. అట్లా ఐదారేళ్ళు గడిపేసి, ఉడకబెట్టిన చెనిక్కాయలు నమల్లేకనో, మనవరాలి పెండ్లి ఫోటోలో నవ్వలేకనో చివరికి వస్తారు.

అన్నేళ్ళూ దవడ ఎముక ఊరికే ఉండదు. పన్ను పీకిన ఏడాదిలోనే ఆ చోట గట్టు వెడల్పు దాదాపు సగానికి తగ్గుతుంది. టమాటా రైతుకయితే వానకు కరిగిన గెనిమిని గుర్తుచేస్తే చాలు, వెంటనే అర్థమవుతుంది. ఇంప్లాంట్‌ను ఇక్కడ 'బోల్టు పన్ను' అంటారు. ఆ పేరుకు నేను వంక పెట్టను. ఎముకలో మరలాగ తిప్పి దించే టైటానియం ముక్క అది. దించడానికి ఎముక ఉండాలి కదా.

ఈ లోహానికి ఎముక అతుక్కుంటుందని స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు 1950లలో గమనించాడు. కుందేలు కాలి ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదు. 1965లో ఆయన యోస్టా లార్సన్ అనే మనిషి కింది దవడలో ఇంప్లాంట్లు పెట్టాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళు, వాటితోనే తిన్నాడు. ఖర్చు చెప్పగానే లేచి నిలబడేవాళ్ళకు నేను ఈ లార్సన్ కథ చెప్తాను. ఒకాయన కథంతా విని, "రెండు పండ్లకు పాడావు వస్తుంది గదా సామీ, ఆవైతే పాలిస్తుంది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పాలవ్యాను నడిపే కుర్రాడికి కింద ఒకే దంతం పోయింది. బ్రిడ్జి కడితే చవక, రెండు మూడు వారాల్లో పని అయిపోతుంది. కానీ దానికోసం అటూ ఇటూ ఉన్న రెండు మంచి పండ్లను అరగదీయాలి. మూడు నాలుగు నెలలు ఓపిక పట్టమని ఇంప్లాంటే పెట్టాను. అదే, పక్క పండ్లకు ముందే రూట్ కెనాల్ అయి క్యాప్‌లు వేయాల్సినవై ఉంటే బ్రిడ్జే కట్టేవాణ్ణి.

నా చేతిలో పాడైన కేసూ చెప్పాలి. బీడీలు మానని, సుగరున్న పెద్దాయన. "సుగరు బాగుంది" అన్నాడు, నేను నమ్మాను. మూడు నెలల సరాసరి చూపే పరీక్ష రాయలేదు. రంధ్రం వేసేటప్పుడు ఎముక వేడి 47 డిగ్రీలు దాటి ఒక్క నిమిషం ఉంటే చచ్చిపోతుందని సెలైన్ ధారగా పోస్తూ మహా జాగ్రత్తగా చేశాను. ఆ జాగ్రత్త రక్తపరీక్ష దగ్గర లేకపోయింది. రెండో నెలలో వేలితో తాకితే మర గిర్రున తిరిగింది. ఆయన తిట్టలేదు. ఊడిన మరను అడిగి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి చీటీ లేకుండా ఎవరి మాటా నమ్మను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతిని ఎవరూ వచ్చి అడగరు. పలమనేరు మట్టిబొమ్మలు చేసే ఇంటి అవ్వ ఒకామె కింది సెట్టును కొంగున కట్టుకుని వచ్చింది. "నాయనా, పైది కరుచుకునే ఉంటాది. కిందిది నాలిక తగిల్తే లేస్తాది" అంది. నిజమే, పై సెట్టుకు అంగిలి పట్టునిస్తుంది, కింద ఆ ఆసరా లేదు, పైగా నాలుక తోస్తూనే ఉంటుంది. ఆమె దవడ ముందు భాగంలో, నరం బయటికొచ్చే చోటికి ఇవతల, రెండే ఇంప్లాంట్లు పెట్టి పాత సెట్టు అడుగున పట్టులు అమర్చాను. జాకెట్టు టిచ్ బటన్ లాగ టక్కున పడుతుంది, రాత్రి తీసి కడుక్కోవచ్చు. లోపలి రబ్బరు రింగులు అరిగితే మార్చుకోవాలి, అంతే. కింది పండ్లన్నీ పోయినవాళ్ళకు మొదట ఇవ్వాల్సింది ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు తేల్చారు. నా పిండి అచ్చు చూసి అవ్వ, "అంచు సరిగ్గా పడలే, మళ్ళా తీయి" అంది. అచ్చుల సంగతి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు. మళ్ళీ తీశాను.

బయటి దేశాల్లో ఉన్న కొడుకులు ఫోన్ చేసి, "మా నాయనకు నాలుగు ఇంప్లాంట్ల మీద ఫిక్స్‌డ్ పండ్లు కట్టేయండి, డబ్బు చూడొద్దు" అంటారు. పద్ధతి మంచిదే. కానీ దాని కిందికి బ్రష్షు దూర్చి రోజూ తోమాలి, లేకుంటే చీము పట్టి ఎముక కరుగుతుంది. చేతులు వణికే డెబ్బై ఐదేళ్ళ మనిషికి ఆ పని ఎవరు చేస్తారు? కొడుకు ఫోన్ పెట్టేశాక ఆ నాయన మెల్లగా, "తీసి కడుక్కునేదే పెట్టు సామీ" అంటాడు. నేను నోరున్న మనిషి మాటే వింటాను.

పోయిన ఏడు ఒకాయన ఇంప్లాంట్ మీద ఊగుతున్న క్యాప్‌తో వచ్చాడు. ఎక్కడో పట్నంలో పెట్టించుకున్నాడట, ఏ కంపెనీదో తెలియదు. ఒక్కో కంపెనీ మరకు ఒక్కో రకం స్క్రూడ్రైవర్. నా దగ్గరున్న మూడూ పట్టలేదు. రెండు నిమిషాల్లో బిగించాల్సిన దానికి, బాగున్న క్యాప్‌ను కోసి తీయాల్సి వచ్చింది.

ఎక్కడ పెట్టించుకున్నా సరే, కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు ఇంప్లాంట్ డబ్బాలోనే వస్తుంది. దాన్ని కార్డు మీద అంటించి ఇమ్మని డాక్టర్ని అడగండి. రేషన్ కార్డు పెట్టుకునే చోటే దాన్నీ దాచుకోండి.