లో గేరు, మామూ సబర్



పోయిన జుమ్మా రోజు మా అమ్మాయి ఒక సవాల్ అడిగింది. మా తమ్ముడు కొన్న థార్‌లో డ్రైవింగ్ నేర్చుకుంటోంది. గేర్ రాడ్ పక్కనున్న చిన్న రాడ్ చూపించి, "అబ్బూ, ఫోర్ ఎల్‌లో వేస్తే ఎంత స్పీడు వెళ్లొచ్చు?" అంది. జవాబు నాకు బాగా తెలుసు. ఆ జవాబు నేర్చుకోవడానికి ఒక పెద్దాయన రోజీ పాడు చేశాను. అందుకే వెంటనే నోరు పెగల్లేదు.

ధవళేశ్వరంలో మా మామూకి ఒక పాత మహీంద్రా జీపు ఉండేది. డీజిల్ బండి. పెళ్లిళ్లకి, ఏజెన్సీ వైపు రంపచోడవరం, మారేడుమిల్లి కిరాయిలకి, ఎండాకాలంలో లంకల్లోంచి పొగాకు, కూరగాయలు తేవడానికి తిరిగేది. ఇంటిల్లిపాదీ ఆ జీపు మీదే బతికారు. మామూ చదువు అయిదో తరగతి దాటలేదు గానీ బండి విషయంలో ఆయన నాకు ఉస్తాద్.

లో గేరు అంటే ఏమిటో ఆయన ఆనకట్ట పక్కన కాలువ లాకు దగ్గర నిలబెట్టి చెప్పాడు. "చూడు బేటా, పడవ పైనుంచి కిందికి దిగాలంటే ఒక్కసారి దూకదు కదా. లాకులోకి వస్తుంది, తలుపు మూస్తారు, నీళ్లు మెల్లగా దించుతారు, పడవా మెల్లగా దిగుతుంది. లో గేరు కూడా అంతే. జల్దీ ఉన్నోడు లాకులోకి రాకూడదు."

అసలు సంగతి ఇది. గేర్‌బాక్స్ వెనకాల ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో పెట్టె ఉంటుంది. అందులో లో వేస్తే, అదే వేగానికి ఇంజన్ మామూలు కన్నా సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ తిరగాలి. వేగం ఎంత తగ్గితే చక్రం దగ్గర బలం అంత పెరుగుతుంది. లో ఫస్టులో యాక్సిలరేటర్ వదిలేస్తే బండి నడక కన్నా నెమ్మదిగా పోతుంది. పక్కన తస్బీ తిప్పుకుంటూ పోయే ముసలాయన దాన్ని దాటేస్తాడు. కానీ ఆ నడకతోనే ఏటిగట్టు ఎక్కేస్తుంది.

మా ఉర్దూ మీడియం బడిలో రఫ్తార్ అనే లఫ్జ్ నేర్చుకున్నాను. రఫ్తార్ అంటే ఉత్త వేగమే కాదు, నడిచే తీరు కూడా. తర్వాత తెలుగులో డిగ్రీ చేసినా, లో గేరు గురించి చెప్పాలంటే నాకు వేగం కన్నా రఫ్తారే సరిగ్గా అతుకుతుంది.

మామూ ఉసూళ్లు కొన్నే. ఒకటి, బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, అప్పుడే లో వెయ్యి. రెండు, తార్రోడ్డు మీద ఫోర్ వీల్ వద్దు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇసుకలోనో బురదలోనో ఆ తేడా జారిపోతుంది. తారు మీద జారదు, షాఫ్టులు మెలిపడతాయి. మూడు, పొడి ఇసుకలో లో ఫస్టుతో బయల్దేరకు. బలం ఎక్కువై చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. టైర్లలో గాలి తగ్గించి, లో సెకండ్‌లోనో థర్డ్‌లోనో ఒకే జోరు మీద పోవాలి. నాలుగు, ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగు. ఇంజనే నిన్ను పట్టుకుంటుంది. అయిదోది చెప్పేటప్పుడు నా ఎడమ మోకాలి మీద చెయ్యి వేసేవాడు. "దిగేటప్పుడు ఈ కాలు కింద పెట్టేసెయ్. క్లచ్ ముట్టుకోకు."

ఎందుకని నేను అడగలేదు. జవానీలో ఎవడు అడుగుతాడు?

2006 ఆగస్టులో గోదారికి పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి పారింది. అప్పటికి నేను పత్రికలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి. నీళ్లు తీసిన తర్వాత ఒక లంకకి వెళ్లి రాయాలి. ఇళ్లలో మోకాలి లోతు ఒండ్రు, కొట్టుకుపోయిన గొడ్లు, చెట్టు కొమ్మకి వేలాడుతున్న చీర. మామూ జీపు అడిగాను. సహాయం బియ్యం తోలడానికి జీపులకి గిరాకీ పెరిగిన రోజులవి. మర్నాటి నుంచి ఆయనకి కిరాయి ఖరారైంది. అయినా తాళం నా చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో అసర్ దాటింది. ఎడిషన్ టైం ముంచుకొస్తోంది. నేనే ముందు పంపాలన్న హవస్ నాకు. రేవు నుంచి గట్టు మీదకి లో ఫస్టులో చక్కగా ఎక్కాను. గట్టు అవతల దిగుడు. జీపు గుర్రుమంటూ అడుగులో అడుగేసుకుంటూ దిగుతోంది. నాకు ఓపిక పట్టలేదు. క్లచ్ తొక్కి వదిలేస్తే కిందికి జారిపోతుంది కదా, కింద మళ్లీ గేరు మార్చుకోవచ్చు అనుకున్నాను. తొక్కాను. జీపు ఒక్కసారిగా తేలికైనట్టు పరుగు తీసింది. సగంలో కాళ్ల కింద తుపాకీ పేలినట్టు ధడేల్మంది. బ్రేకు మీద నిలబడి ఆపాను. కింద బెల్ హౌసింగ్ పగిలి ముక్కలు రాలుతున్నాయి.

లెక్క తర్వాత తెలిసింది. లో ఫస్టులో ఆ జీపు చక్రం ఒక్క చుట్టు తిరిగితే క్లచ్ ప్లేటు దాదాపు 40 చుట్లు తిరగాలి. చక్రం ఒక చుట్టుకి రెండు మీటర్ల పైచిలుకు పోతుంది. గేరు పట్టి ఉంటే ఇంజన్ ఆపుతుంది కాబట్టి వేగం పెరగదు. క్లచ్ తొక్కగానే ఆ లగాం తెగిపోతుంది, కానీ ప్లేటు మాత్రం గేరు ద్వారా చక్రాలకే కట్టుబడి ఉంటుంది. 30 కిలోమీటర్ల వేగం వచ్చిందంటే ప్లేటు నిమిషానికి 9000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ ఇంజన్ తన జిందగీలో అందులో సగం కూడా తిరిగి ఉండదు. ప్లేటు చిట్లి ముక్కలైంది. బరువు వదిలేశాననుకున్న క్షణంలోనే దాని మీద ఎన్నడూ లేనంత బరువు పెట్టాను.

మామూ వచ్చి జీపు కింద పడుకుని చూశాడు. లేచి చేతులు తుడుచుకుంటూ ఒక్క మాటే అడిగాడు. "గేర్ ఎందులో ఉంది బేటా?"

"న్యూట్రల్‌లో" అన్నాను.

ఝూట్. శుద్ధ ఝూట్.

ఆయన తలూపాడు. జీపు రెండు వారాలు షెడ్డులో ఉంది. బియ్యం కిరాయి ఇంకొకరికి పోయింది. ఆ నెల ముమానీ చేతి గాజులు కనిపించలేదు. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నా వార్త మాత్రం ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. అది ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఆ తర్వాత కూడా మామూ నాకు జీపు ఇచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ మోకాలి మీద చెయ్యి వేసేవాడు. ఈద్‌కి గలే మిల్తే, ఈసారి చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. షీర్ ఖుర్మా తాగేసి వచ్చేసేవాణ్ణి. ఆయన ఇంతకాల్ అయ్యాక, చాలీస్వా దాటిన తర్వాత, ముమానీ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె తమలపాకుకి సున్నం రాస్తూ ఆగలేదు. "ఉనోకు మాలూమ్ థా బేటా" అంది. మెకానిక్ ఇంజన్ విప్పిన రోజే చెప్పాడట, లో గేర్లో క్లచ్ తొక్కితే తప్ప ప్లేటు ఇలా పోదని. నన్ను నిలదీయమని ముమానీ అంటే, "లడ్కా తనే చెప్తాడులే, జల్దీ ఏముంది" అన్నాడట.

అన్ని ఏళ్లు ఎదురుచూశాడు. నేను చెప్పలేదు.

బడిలో మౌల్వీ సాబ్ జల్దీ కా కామ్ షైతాన్ కా అనేవారు. కాలేజీలో తెలుగు మాస్టారు నిదానమే ప్రధానం అనేవారు. రెండు జబాన్లలో నేర్చుకుని రెంట్లోనూ ఫెయిలయ్యాను.

ఇక అమ్మాయి సవాల్‌కి జవాబు. జీప్ రాంగ్లర్ మాన్యువల్లో ఫోర్ లోలో 40 కిలోమీటర్లు దాటొద్దని రాసి ఉంటుంది. నీ బండికి ఎంతో నీ మాన్యువల్లో చూసుకో. కానీ బేటీ, ఆ నంబరు పై గేర్ల మాట. లో ఫస్టులో దాని హద్దు చాలా తక్కువ. ఆ హద్దు మీటర్ చెప్పదు, ఇంజన్ గొంతు చెప్తుంది. క్లచ్ తొక్కావంటే ఆ గొంతు కూడా వినపడదు. అందుకే అది అన్నిటికన్నా ఖతర్నాక్.

నిన్న సాయంత్రం ఆ గట్టు మీదకే తీసుకెళ్లాను. ముందు బండి ఆపించి, ఇప్పుడు మీకు చెప్పినదంతా దానికి చెప్పాను, ఝూట్‌తో సహా. కాసేపు గోదారి వైపు చూసి, "నానా మామూకి సారీ చెప్పాల్సింది అబ్బూ" అంది. అవును, చెప్పాల్సింది.

తర్వాత లో ఫస్ట్ వేసింది. దిగుడు మొదలైంది. నేను దాని ఎడమ మోకాలి మీద చెయ్యి వేశాను. కాలు కిందే ఉంది. మగ్రిబ్ అజాన్ మొదలయ్యే వేళకి బండి ఇంకా సగం గట్టు మీదే ఉంది. మాకు జల్దీ ఏమీ లేదు.

మామూ మగ్ఫిరత్ కోసం దువా చెయ్యండి.