రన్‌వే లేని ఎయిర్‌పోర్టు

2023 వానాకాలంలో నాకు జీబీఎస్ వచ్చింది. పూర్తి పేరు గిలాన్ బారే సిండ్రోమ్. ఒంట్లోని రోగనిరోధక శక్తి ఎదురుతిరిగి సొంత నరాల మీదే పడే జబ్బు. ఎవరికైనా రావచ్చు కాబట్టి ఎలా మొదలైందో ముందు చెబుతాను. మంచంలో పడి ఉండి బేగంపేట ఎయిర్‌పోర్టు నమూనా కట్టడానికి ఎలా పూనుకున్నానో తర్వాత చెబుతాను. నా మటుకు రెండూ ఒకటే కథ.

నేను విమానాలు నిలిచే ర్యాంప్ మీద పనిచేసేవాణ్ణి. మొదట బేగంపేటలో, 2008 మార్చి 23న శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక అక్కడ. దిగి వచ్చిన విమానానికి ఎదురుగా నిలబడి, చేతుల సైగలతో అది నిలవాల్సిన చోటికి, అంటే బేలోకి, రప్పించి ఆపే మార్షలర్‌ని. నా ఉద్యోగమంతా చేతుల్లోనే ఉంది.

జబ్బుకు వారం ముందు విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గిపోయాయి. ఆ తర్వాత ఒక పొద్దున రెండు అరికాళ్లలో తిమ్మిరి. డ్యూటీలో కొత్త బూట్ల వల్ల అనుకున్నాను. మర్నాడు మెట్లెక్కుతుంటే మోకాళ్లు లొంగిపోయాయి. సాయంత్రానికి కాలి నుంచి చెప్పు జారిపోయినా నాకు తెలియలేదు, వెనక నడుస్తున్న మా అబ్బాయి తెచ్చి ఇచ్చాడు. దగ్గర్లోని డాక్టరు విటమిన్ సూది వేసి పంపారు. మూడో రోజు బాత్రూంలో స్టూలు మీద కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. మా ఆవిడ, బావమరిది కలిసి మోసుకెళ్లి ఆటోలో పడుకోబెట్టారు.

క్యాజువాలిటీలో ఒక కుర్ర డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. రెండోదీ ఎగరలేదు. అతను సుత్తి పక్కన పెట్టి పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు. భయం నాకు అప్పుడు మొదలైంది.

వెన్ను నుంచి నీరు తీసి పరీక్షించారు. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష చేశారు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు. లక్షల్లో ఖర్చు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టింది. ఆ సంగతి నాకు చాన్నాళ్లకు గానీ తెలియలేదు.

తిమ్మిరి రెండు కాళ్లలో ఒక్కసారే మొదలై పైకి పాకుతూ, దాంతో పాటు బలం కూడా పోతుంటే తెల్లారేదాకా ఆగకండి. ఈ జబ్బులో కాళ్ల కన్నా ముందు చూడాల్సింది ఊపిరి. నర్సు కొన్ని గంటలకోసారి వచ్చి, గట్టిగా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో పెట్టమనేది. మొదటి రోజు 30 దాటాను. మర్నాడు 20 దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి 11. మధ్యలో మోసం చేసి గాలి పీల్చాలనిపించేది. ఆమె నా ఛాతీ వైపే చూస్తుండేది. 11 తర్వాత గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు.

వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు మెదడు పనిచేస్తూనే ఉంటుంది. అన్నీ వినబడతాయి. నాకు కనురెప్పలు తప్ప ఏదీ కదల్లేదు. రాత్రుళ్లు మందుల మత్తులో ఒకటే కనిపించేది. బేలో నిలబడి ఉంటాను. విమానం ముక్కు నా వైపే వస్తుంటుంది. ఆగమనాలంటే రెండు చేతులూ తల మీదికెత్తి అడ్డంగా కలపాలి. నా చేతులు లేవవు. ముందు చక్రం ఆగాల్సిన గీత దాటి వస్తూనే ఉంటుంది. అరుద్దామంటే గొంతులో గొట్టం. పక్కనున్న మిషన్ అలారం మోగేది. నా గుండె వేగానికే అది మోగేదట.

అలాంటి ఒక రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ నా తల తలుపు వైపు తిప్పి పెట్టింది, నెత్తి మీది లైట్లు కనబడకుండా. ఒకసారి రెప్ప వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు అని నాతో ఒప్పందం చేసుకుంది. షిఫ్టు మారేముందు తర్వాత వచ్చే సిస్టర్‌కు ఆ లెక్క చెప్పి మరీ వెళ్లేది. నేను ఆ ఐసీయూలో పిచ్చివాణ్ణి కాలేదంటే ఆవిడ వల్లే.

సిగ్గు సంగతి కూడా చెప్పాలి. నన్ను తుడిచి శుభ్రం చేసే వార్డు బాయ్ నా కొడుకు కన్నా నాలుగైదేళ్లు పెద్దవాడు. మొదటిసారి కళ్లు మూసుకున్నాను. మాట వచ్చాక మా ఆవిడతో అన్న మొదటి మాట, అబ్బాయిని లోపలికి రానివ్వొద్దని. వాడు చాలా రోజులు తలుపు అద్దంలోంచి చూసి వెళ్లిపోయేవాడు.

గొట్టం తీశాక వార్డుకు మార్చారు. అక్కడ ఫిజియోథెరపీ మొదలైంది. చేతులకు వేరే అమ్మాయి వచ్చేది. మెత్తటి బంతి ఇచ్చి పిసకమనేది. చిన్నపిల్లల ఆటవస్తువులు నాకెందుకని కసిరాను. ఆమె ఏమీ అనలేదు. బంతి దిండు పక్కన పెట్టి వెళ్లి, మర్నాడు అదే టైముకు మళ్లీ వచ్చింది.

ఎయిర్‌పోర్టు ఆలోచన నాది కాదు. మా అక్క కూతురు సివిల్ డిప్లొమా చదువుతోంది. మధ్యాహ్నాలు నా దగ్గర తన వంతు. ఒకరోజు లాప్‌టాప్‌లో ఉపగ్రహం తీసిన పాత బొమ్మలు తెరిచి, బేగంపేటను ఏళ్లు వెనక్కి జరుపుతూ చూపించింది. "మామయ్యా, నువ్వెక్కడ నిలబడేవాడివి?" అంది. గడ్డంతో చూపించాను. ఇక్కడా, అక్కడా అని తను బాణం గుర్తు జరుపుతుంటే, ఆ మధ్యాహ్నమంతా ఇంకేదీ గుర్తురాలేదు. సాయంత్రం ఫిజియోథెరపీ అమ్మాయి బంతి తెస్తే పిసికాను.

అప్పటి నుంచి ప్లాను వేయడమే మా పని. ప్లానుకు చేతులు అక్కర్లేదు. నేను చెబితే తను గీసేది. బేగంపేటే ఎందుకంటే, శంషాబాద్‌లో ఏదో ఒకటి కడుతూనే ఉంటారు, ఈ ఏడు వేసిన ప్లాను వచ్చే ఏటికి పాతబడిపోతుంది. బేగంపేట మామూలు ప్రయాణికుల విమానాలకు 2008లోనే మూతపడింది. అది ఎక్కడికీ పోదు.

స్కేలు 1:400 అనుకున్నాం. అచ్చు విమానాల్లా పోతపోసిన లోహపు మోడళ్లు ఆ సైజులో బాగా దొరుకుతాయి. లెక్క కూడా తేలిక. నిజం మీటరు, నమూనాలో రెండున్నర మిల్లీమీటర్లు. ఏ320 పొడవు తొమ్మిదిన్నర సెంటీమీటర్లలోపు. ఏటీఆర్-72 అయితే పొడవూ రెక్కలూ రెండూ 6.8 సెంటీమీటర్లే. అట్టముక్కల మీద వాటి ఆకారాలు గీసి కత్తిరించమన్నాను. కొనకముందే నిలిపి చూసుకోవాలంటే అంతకన్నా చవకైన దారి లేదు.

చిక్కు రన్‌వేతో వచ్చింది. బేగంపేట రన్‌వే 3 కిలోమీటర్ల పైనే. 1:400లో కూడా 8 మీటర్లు. మా గది పొడవు 12 అడుగులు. విమానాలు చిన్నవి చేస్తే రన్‌వే పడుతుంది గానీ, అప్పుడు ఏటీఆర్ నా బొటనవేలి కొసంత అవుతుంది, దాని చక్రం నాకే కనబడదు. రన్‌వేను మధ్యలో కుదించేసేవాళ్లూ ఉన్నారు. చూసేవాళ్లకు తెలియదు. నాకు తెలుస్తుంది.

అసలు కొలత నా చెయ్యి తేల్చింది. చక్రాల కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే వేళ్లు బల్ల అంచు నుంచి 2 అడుగుల దాకా అందుతున్నాయి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీటును నిలువునా సగానికి కోయించాలని లెక్క తేలింది. 8 అడుగులంటే కిలోమీటరుకు కాస్త తక్కువ. 2 అడుగులంటే 244 మీటర్లు. ఆ వెడల్పులో టెర్మినల్ ముందుభాగం, విమానాలు నిలిచే ఏప్రన్, అవి నడిచే ట్యాక్సీవే పడతాయి. రన్‌వే పట్టదు. తీసేశాం. మా బావమరిది నవ్వాడు, "రన్‌వే లేని ఎయిర్‌పోర్టేంటి బావా" అని. మార్షలర్ డ్యూటీలో రన్‌వే ఎప్పుడూ లేదు. ఏప్రన్ అంచు దాకానే మా లోకం.

ఆ రోజుల్లోనే మేనకోడలు జర్మనీలో హాంబర్గ్ నగరంలోని మినియేచర్ వండర్‌లాండ్ వీడియో చూపించింది. 1:87లో కట్టిన ఎయిర్‌పోర్టు, 2011లో తెరిచారు. విమానాలు వాటంతటవే నడుస్తాయి, లేస్తాయి. దాదాపు ఆరేళ్లు పట్టిందట. ఉత్సాహం వస్తుందని చూపించింది పాపం. నాకు దిగులు వచ్చింది. చెంచా ఎత్తలేనివాడు ఇదంతా ఎందుకు అని రెండు రోజులు ఆ ప్లాను మాటే ఎత్తనివ్వలేదు.

ఇంటికి వచ్చాక కట్టడం మొదలుపెట్టొచ్చని అనుకున్నాను. చాలా నెలలు కుదరలేదు. కాళ్లు ముందు తిరిగి వచ్చాయి, వాకర్ పట్టుకుని నడిచాను. చేతివేళ్లు రాలేదు. పై పొర కాదు, నరం లోపలి పోగే దెబ్బతింటే అది రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని డాక్టరు చెప్పారు. మోచేతి నుంచి వేలి కొస దాకా ఎన్ని మిల్లీమీటర్లో లెక్క వేసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. నీరసం మరీ దారుణం. అరగంట కూర్చుంటే ఇంట్లో మెయిన్ ఆపేసినట్టు ఒళ్లంతా ఒక్కసారి ఆగిపోయేది. అన్నం మా ఆవిడే తినిపించేది. ఎవరైనా చూడ్డానికి వస్తే, వాళ్లు వెళ్లేదాకా ఆకలి లేదనేవాణ్ణి.

మా వీధి వడ్రంగి షీటు కోసి, అడుగున చట్రం కొట్టి, చక్రాల కుర్చీ లోపలికి దూరేలా బల్ల కాళ్లు ఎత్తు పెంచి ఇచ్చాడు. కూలీలో సగమే తీసుకున్నాడు. ప్లాను అసలు సైజులో కావాలని ఫ్లెక్సీ షాపుకు పంపితే, అక్కడి కుర్రాడు ఫైలు చూసి "ఇందులో ఎవరి ఫొటో పెట్టాలన్నా?" అన్నాడట. ప్రింటు తీయించేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ప్లాను మూలలో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీయించండి. ప్రింటు వచ్చాక ముందు దాన్నే కొలవండి. అది తప్పితే అన్నీ తప్పినట్టే.

ఫ్లెక్సీని బల్ల మీద పరిచి అట్ట విమానాలను నిలిపాం. ఏ320, బోయింగ్ 737 తరగతి విమానాలకు రెక్క కొసకూ పక్కదాని రెక్క కొసకూ మధ్య కనీసం నాలుగున్నర మీటర్ల ఖాళీ ఉండాలి. ఇక్కడ అది 11 మిల్లీమీటర్ల పైచిలుకు, నా బొటనవేలు పట్టనంత. ఉద్యోగంలో ఎన్నో రాత్రులు ఆ ఖాళీ మీద కళ్లు పెట్టి నడిచాను. మేనకోడలు ఒక అట్టను తోకవైపు కాస్త వంకరగా పెట్టింది. పక్క రెక్కకు తగులుతుందని కుర్చీలోంచి అరిచాను. ఇంట్లో అందరూ పరిగెత్తుకొచ్చారు.

చెక్కకు ప్రైమర్ కొట్టి, గరుకు కాగితంతో రుద్ది, బూడిదరంగు వేశారు. కాంక్రీటు అంతా ఒకే రంగులో ఉండదు. పాత పలక తెల్లబారి ఉంటుంది, మార్చిన పలక ముదురుగా ఉంటుంది, విమానం ఇంజిను కింద నూనె మరకలు ఉంటాయి. అవి ఎక్కడెక్కడ అని నేను చెబుతుంటే మా అబ్బాయి స్పాంజితో అద్దాడు. ఆసుపత్రి తర్వాత వాడు నా గదిలో గంటల తరబడి కూర్చోవడం అప్పుడే మొదలు.

మిగిలింది పసుపు గీత, విమానాన్ని బేలోకి తెచ్చే గీత. అది మాత్రం నేనే గీస్తానన్నాను. నిజానికి దాని వెడల్పు 15 సెంటీమీటర్లు. బల్ల మీద అర మిల్లీమీటరు కూడా లేదు. బ్రష్‌తో కాదు. మా బావ ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. తన పాత పెట్టెలోంచి రూలింగ్ పెన్ తీసి ఇచ్చాడు. రెండు సన్నటి రేకుల మధ్య రంగు నింపాలి. పక్కనున్న బుల్లి మర తిప్పితే రేకులు దగ్గరవుతాయి, గీత సన్నబడుతుంది. ఆ మర తిప్పడానికే నా వేళ్లకు వారాలు పట్టింది. బంతి ఇచ్చిన అమ్మాయికి ఫోన్‌లో చూపిస్తే, వ్యాయామాల చీటీలోంచి రెండు కొట్టేసి దీన్ని రాసుకోమంది.

మొదటి గీత గీసినప్పుడు మా ఆవిడ నా మణికట్టు కింద చెయ్యి పెట్టింది. బరువు ఆమెది, స్కేలు వెంట లాగడం నాది. చెయ్యి వణికి మధ్యలో ఒకచోట గీత లావైంది. చెరిపేద్దామంది. టైర్లు తొక్కి అలా అయిందనుకుంటారులే అన్నాను. గీత చివర, ముందు చక్రం ఆగాల్సిన అడ్డగీత దగ్గరికి వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి, గుండె దడదడలాడింది. పెన్ కింద పెట్టేశాను. మిగతాది మర్నాడు గీశాను. ఐసీయూలో కనబడినది ఇప్పటికీ అప్పుడప్పుడు కనబడుతుంది. చేతులకు తిమ్మిరి వస్తే అర్ధరాత్రి మా ఆవిడను లేపి, పిడికిలి పట్టుకుని చూడమంటాను. మళ్లీ రావడం అరుదని డాక్టరు చెప్పారు. అయినా లేపుతాను.

2025 జనవరిలో పుణెలో ఈ జబ్బు చాలామందికి వచ్చినప్పుడు, చుట్టాలు పక్కాలు నాకే ఫోన్ చేశారు. ఒకాయన కొడుకు వెంటిలేటర్ మీద ఉన్నాడు, బతుకుతాడా అని అడిగారు. ఎక్కువమంది కోలుకుంటారని చెప్పాను. నిదానమని కూడా చెప్పాను. కంటి రెప్పల లెక్క నేర్చుకోమన్నాను.

నన్ను ఇప్పుడు ఆఫీసు డ్యూటీలో వేశారు. ర్యాంప్ మీదికి పంపాలంటే మెడికల్ పరీక్ష పాసవ్వాలి. చేతులు తల పైకి లేస్తున్నాయి గానీ చాలాసేపు నిలవడం లేదు. బల్ల మీద వరసగా కొన్ని బేలకు గీతలు పూర్తయ్యాయి. టెర్మినల్ ముట్టుకోలేదు. మేనకోడలికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, కొలతలు ఫోన్‌లో అడుగుతున్నాను. బే నంబర్లు చేత్తో రాస్తే చెదిరిపోతున్నాయి. సున్నా అసలు గుండ్రంగా రావడం లేదు. ఫ్లెక్సీ షాపులో స్టిక్కర్ కట్ చేసే మిషన్ ఉందట. అంత చిన్న అంకెలు కోస్తుందో లేదో ఈ ఆదివారం వెళ్లి కనుక్కోవాలి.